మనదే ఊరు

మంచి కబురు కడుపులో దాచుకోవడం ఇందుజకి మొదట్నించీ చేతకాదు. ఆ బుధవారం ఉదయం తాడేపల్లిగూడెంలో స్కూటీ ఎక్కింది మొదలు, గణపవరం దాటి, గుర్రపుడెక్క పట్టిన కాలవ పక్క రోడ్డు మీద గతుకులన్నీ లెక్కపెట్టుకుంటూ మొగలిలంక చేరేదాకా తనలో తనే నవ్వుకుంటూ వచ్చింది. ఎదురొచ్చిన తవుడు లారీ డ్రైవరు తననే చూసి నవ్విందనుకుని హారను కూడా కొట్టాడు. పది నెలల క్రితం ఆ ఊరి సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటుగా చేరాక, ఇంత హుషారుగా ఆఫీసుకొచ్చిన రోజు ఇంకోటి లేదు.

ఆఫీసుకి కూడా వెళ్ళలేదు. తిన్నగా పడమటి చెరువుగట్టు మీదున్న ప్యాకింగు షెడ్డు దగ్గర ఆగింది. అప్పుడే వలలు లాగి పట్టుబడి అయి, చేపలు ట్రేలలో ఎగిరెగిరి పడుతున్నాయి. ఆడవాళ్ళు వరసగా నిలబడి బొచ్చెలు ఒక పక్కకీ, శీలావతులు ఒక పక్కకీ ఏరుతున్నారు. మినతి ఐసు పొడి పారతో ఎత్తి ట్రే అడుగున పరుస్తోంది. దాని మీద చేపలు తలా తోకా ఎదురెదురుగా సర్దడం, మళ్ళీ ఐసు, మళ్ళీ చేపలు. పైన ఐసు వేసి అరచేత్తో రెండు దెబ్బలు కొడితే ఆ ట్రే లారీ ఎక్కడానికి సిద్ధం. ఆ రెండు దెబ్బలు కొట్టేటప్పుడు మాత్రం మినతి తల తిప్పి షెడ్డు స్తంభం వంక చూస్తుంది. ప్రతి ట్రేకీ అంతే.

స్తంభానికి ఆమె కూతురు ఝిలి కట్టేసి ఉంది. పాత చీర ముక్క ఒక కొస పిల్ల నడుముకి, రెండో కొస స్తంభానికి. రెండేళ్ళ పిల్ల. నాలుగడుగులు వేస్తే చీర బిగుస్తుంది. ఐదో అడుగు వేస్తే చెరువు. పిల్ల ఆ నాలుగడుగులూ వేసి, వెనక్కి లాగబడి, కూలబడి, మళ్ళీ లేచి వేస్తోంది. మొదటిసారి చూసిన రోజు ఇందుజకి అన్నం సయించలేదు. ఎవరిని తిట్టాలో తెలియక ఆ కోపం అలాగే ఉండిపోయింది.

"మినతీ! అంగన్‌వాడీ వస్తోందమ్మా. ఈ గట్టు మీద పిల్లలకనే, వేరేగా!" అంది ఇందుజ స్కూటీ దిగకుండానే.

మినతి పార ఆపింది. రెండేళ్ళ క్రితం మొగుడితో ఒడిశాలోని భద్రక్ వైపు నుంచి వచ్చింది. తెలుగు చెవినబడ్డంత నేర్చుకుంది. "పిల్లల్ని అక్కడ పెట్టుకుంటారాండి? కట్టక్కర్లేదా?" అంది.

"కట్టక్కర్లేదు. టీచరుంటుంది, ఆయా ఉంటుంది, గుడ్డు పెడతారు, పాలు పోస్తారు."

మినతి మళ్ళీ ట్రే వైపు తిరిగింది. ఐసు మీద చేత్తో రెండు దెబ్బలకి బదులు నాలుగు దెబ్బలు కొట్టింది.

సంగతేమిటంటే, బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు పదిహేను మంది ఉన్న ప్రతి పంచాయతీకీ ప్రత్యేక కోటాలో ఒక చిన్న అంగన్‌వాడీ ఇస్తామని పైనుంచి కాగితం వచ్చింది. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా పేర్లు కంప్యూటరులో ఎక్కాలి. శనివారం గ్రామసభలో ఊరు ఒప్పుకోవాలి. పంచాయతీకి పడమటి వీధి చివర ఒక గది ఖాళీగానే ఉంది. ఖాళీ అంటే మరీ ఖాళీ కాదు. చెరువుల రైతు సుకుమార్ అందులో మేత బస్తాలు వేసుకుంటున్నాడు.

ఇందుజకి ఆ రెండు రోజులూ పింఛన్ల పని మీద పడింది. గట్ల మీద తిరిగి పేర్లు రాసుకొచ్చే పని పంచాయతీ అటెండరు నరసింహమూర్తిగారికి అప్పజెప్పింది. ఆయనకి ఇంకో ఆర్నెల్లలో రిటైర్మెంటు. మెత్తని మనిషి, కుక్కని కూడా 'కాస్త పక్కకి జరగమ్మా' అనే రకం. కాకపోతే ఆయన దగ్గరొక చాదస్తం ఉంది. ఏ కాగితం రాసినా సొంత పైత్యం కలుపుతారు. కిందటిసారి ఇళ్ళ సర్వేలో ఒకావిడ పేరు పక్కన 'చాలా మంచిది, పాపం' అని రాసి మండలం దాకా పంపించారు.

"మూర్తిగారూ, వాళ్ళేం చెబితే అదే రాయండి. మీరు ఒక్క ముక్క కలపొద్దు, ఒక్క ముక్క తియ్యొద్దు. మీకు దణ్ణం పెడతాను" అంది ఇందుజ.

"అయ్యో, ఎంత మాటండీ. చెప్పిందే రాస్తానండీ" అన్నారాయన గొడుగు చంకన పెట్టుకుంటూ.

గురువారం సాయంత్రానికి మనిషి ఎండకి కమిలిపోయి, చెప్పుల నిండా బురదతో తిరిగొచ్చారు. ముప్పై ఒక్క కుటుంబాలు, ఆరేళ్ళ లోపు పిల్లలు పంతొమ్మిది మంది. ముత్యాల్లాంటి అక్షరాలు. పంతొమ్మిది అంకె చూడగానే ఇందుజ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. ఆ హుషారులోనే కాగితాలు డిజిటల్ అసిస్టెంటుకిచ్చి, ఎక్కించెయ్యమని చెప్పి, చీకటి పడకుండా గూడెంలో ఇంటికి వెళ్ళిపోయింది. ఒక్కసారి చదివి ఉంటే బాగుండేది. చదవలేదు.

*

శుక్రవారం పదకొండింటికి మండలాఫీసు నుంచి గోపీనాథ్ ఫోను. అక్కడ ఈ లిస్టులన్నీ సరిచూసేది అతనే.

"ఏవండీ ఇందుజగారూ, మీ లిస్టు తిరగ్గొట్టిందండీ సిస్టమ్."

"ఎందుకండీ? పంతొమ్మిది మంది ఉన్నారు కదా?"

"ఉన్నారండీ. వలసొచ్చినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. సొంత ఊరు అన్న కాలమ్‌లో ముప్పై ఒక్క కుటుంబాలకీ మొగలిలంక అనే ఉంది. మీ ఊళ్ళో పుట్టిపెరిగినవాళ్ళని మీ ఊరికి వలస రాయించారేంటండీ?" అని నవ్వాడతను. "ఐదింటిలోగా సరిచేసి పంపండి. తరవాత తీసుకోదు."

ఇందుజ కాగితాలు లాక్కుని చూసింది. నిజమే. మినతి, భర్త రంజన్, కూతురు ఝిలి, సొంత ఊరు మొగలిలంక. దాని కిందా మొగలిలంకే. చివరిదాకా అంతే.

"మూర్తిగారూ!" అని అరిచిన అరుపుకి గుమ్మంలో పడుకున్న పిల్లి కూడా లేచిపోయింది. "ఏవిటండీ ఇది? వీళ్ళంతా ఒడిశా, బెంగాలు. మీకు తెలీదా?"

"తెలుసండీ."

"మరి మొగలిలంక అని ఎలా రాశారు?"

"చెప్పిందే రాయమన్నారు కదండీ." ఆయన గొంతు సగానికి పడిపోయింది. "నేను అడిగానండీ, 'మనదే ఊరమ్మా?' అని. వాళ్ళు 'అవునండీ, మనదే' అన్నారు. నాకూ అనుమానం వచ్చి రెండోసారి అడిగానండీ. రెండోసారి ఇంకా నవ్వుతూ చెప్పారు. కలపొద్దు, తియ్యొద్దు అన్నారు కదా అని..."

ఇందుజకి విషయం అర్థమవడానికి ఒక నిమిషం పట్టింది. అర్థమయ్యాక ఏడవాలో నవ్వాలో తెలియలేదు. గోదావరి వైపు ఎదుటి మనిషిని పట్టుకుని 'మీదే ఊరు' అనడం కాస్త మొరటు. బస్సులోనైనా, పెళ్ళిపందిట్లోనైనా, 'మనదే ఊరండీ?' అంటారు. మనది ఏ ఊరు అని. ఊరు ఎదుటివాడిదే, మర్యాద కొద్దీ అందులో తాము కూడా చేరతారు. పుట్టినప్పట్నించీ వింటున్న చెవులకి అది ప్రశ్న. రెండేళ్ళుగా వింటున్న చెవులకి అది వేరేగా వినబడింది. ఊరు మనదే కదా, అని ఒక పెద్దాయన గొడుగేసుకుని వచ్చి అడిగినట్టు వినబడింది. ఎవరైనా కాదంటారా?

"సరే, ఎక్కండి" అంది ఇందుజ స్కూటీ తాళాలు తీసుకుని. మూర్తిగారు ఆడపిల్ల వెనకాల బండి మీద కూర్చోవడానికి కాసేపు సిగ్గుపడి, ఆఖరికి గొడుగు ఒళ్ళో పెట్టుకుని ఒక పక్కకి కూర్చున్నారు.

షెడ్డులో లారీ సగం నిండింది. ఇందుజ మినతి ఎదురుగా నిలబడి, ఆఫీసు భాషలో, ఎక్కడా పొరపాటుకి చోటివ్వకుండా అడిగింది. "మినతీ, మీ సొంత ఊరు ఏది? అసలు ఊరు. మీరు ఎక్కణ్ణించి వచ్చారో అది. ఆధార్ కార్డు కూడా తియ్యి."

మినతి చేతిలో శీలావతి ఉంది. దాన్ని ట్రేలో పెట్టడం మరిచిపోయింది.

"మూర్తిగారు మొన్న మనదే ఊరు అన్నారండి" అంది మెల్లగా. "ఇవాళ మీరు మీ ఊరు అంటున్నారు. పంపించేస్తారా మేడం?"

"పంపించడం ఏమిటి? అంగన్‌వాడీ కోసం!"

"ఇంతకు ముందు పనిచేసిన చోట కూడా పుస్తకం పట్టుకుని వచ్చారండి. సొంత ఊరు ఏదని అందరివీ రాసుకున్నారు. కార్డులు అడిగారు. మర్నాడు పొద్దున్నే లారీ వచ్చింది, సామాన్లు ఎక్కించుకోమన్నారు."

ఇందుజ చేతిలో కాగితాలు కిందికి దించింది. మినతి చెప్పింది చివరికి, ఊరి పేరూ జిల్లా పేరూ, పోలీసు ముందు చెప్పినట్టు. చెప్పి స్తంభం దగ్గరికి వెళ్ళి చీర ముడి ఒకసారి సరిచూసుకుంది.

అక్కణ్ణించి కబురు వాళ్ళ బండి కన్నా ముందే గట్టంతా పాకింది. రెండో షెడ్డులో ఒకాయన 'మాకు పిల్లల్లేరండి' అన్నాడు. ఆయన వెనకే గుడ్డ ఉయ్యాల ఊగుతోంది, అందులోంచి ఏడుపు వినిపిస్తోంది. ఆయన ఆ ఏడుపు తనకి వినబడనట్టే నిలబడ్డాడు. మూడో చోట తలుపులకి తాళాలు. నాలుగో చోట పిల్లల్ని మేత పడవలో ఎక్కించి చెరువు మధ్యకి తీసుకెళ్ళిపోయారు. తూములూ గట్లూ దాటి మధ్యాహ్నమంతా తిరిగితే, సరైన ప్రశ్నకి సరైన జవాబు చెప్పినవాళ్ళ పిల్లలు పదకొండు మంది తేలారు. తప్పుగా అడిగినప్పుడు పంతొమ్మిది మంది. ఒప్పుగా అడిగితే పదకొండు.

"నేను ఇంకోసారి వెళ్ళి అడగనాండీ, మామూలుగా?" అన్నారు మూర్తిగారు.

"వద్దండీ. ఇంక ఎవరూ నవ్వుతూ చెప్పరు."

ఐదింటికి గోపీనాథ్ పాపం నొచ్చుకున్నాడు. "పదకొండుకి నేనేం చెయ్యలేనండీ. పదిహేను లేనిదే ఆ కోటా తెరుచుకోదు" అన్నాడు. గూడెం వెళ్ళే దారిలో ఇందుజకి ఆ గతుకులు ఒక్కటీ గుర్తులేదు. ఆ ఉయ్యాలలో ఏడుపే చెవిలో ఉంది, కన్నబిడ్డని లేదనిపించింది తనే అన్న బాధ ఉంది.

*

శనివారం గ్రామసభకి పంచాయతీ ముందు షామియానా వేశారు. సర్పంచి వీరరాఘవమ్మగారు మధ్య కుర్చీలో కూర్చున్నారు. అరవై దాటిన మనిషి, మొగుడు పోయాక ఆరెకరాల వరిచేనూ, రెండు చెరువులూ ఒంటిచేత్తో నడిపిన గట్టి మనిషి. ఊళ్ళో జనం బాగానే వచ్చారు. షామియానా నీడ బయట, ఎండలో, ప్యాకింగు షెడ్లవాళ్ళు పది పన్నెండు మంది నిలబడ్డారు. ముందు రోజు సాయంత్రం మూర్తిగారు ఒక్కరే నడిచి వెళ్ళి, ఎవర్నీ ఎక్కడికీ పంపరని గుమ్మం గుమ్మానికీ చెప్పొచ్చారట. ఆ సంగతి ఇందుజకి ఇప్పుడే తెలిసింది. మినతి ఝిలిని చంకనేసుకుని వచ్చింది.

నాలుగో అంశం దగ్గర ఇందుజ లేచి నిలబడింది. "వలస పిల్లల అంగన్‌వాడీ అండీ. లెక్క సరిపోలేదు కాబట్టి ఈ అంశం తీసేస్తున్నామండీ" అంది కాగితం వంకే చూస్తూ.

"మంచిపని చేశారు" అన్నాడు సుకుమార్ రెండో వరసలోంచి. చెడ్డవాడేం కాదు, మేత బస్తాలు తడిస్తే నిద్ర పట్టనివాడు. "ఆరునెలలుండి పోయేవాళ్ళకి మన ఊరి గది ఎందుకండీ? ఇవాళ గది అంటారు, రేపు ఇంకోటంటారు. వాళ్ళ ఊళ్ళో లేవా అంగన్‌వాడీలు?"

నలుగురైదుగురు తలలూపారు. ఇందుజ కూర్చోబోయింది. సరిగ్గా అప్పుడు ఫ్యాను పక్కన నిలబడ్డ నరసింహమూర్తిగారు ఒక అడుగు ముందుకేశారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో గ్రామసభలకి కుర్చీలు వేశారు, మంచినీళ్ళిచ్చారు, మైకు తుడిచారు. మాట్లాడింది లేదు.

"తప్పు నాదేనండీ" అన్నారు.  "నేను సరిగ్గా అడగలేదండీ. 'మనదే ఊరమ్మా' అని అడిగాను, అలవాటు కొద్దీ. వాళ్ళు అవునన్నారు. ముప్పై ఒక్క ఇళ్ళల్లో ఒక్కరు కూడా కాదనలేదండీ. నేను అదే రాశాను."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరవాత వెనక వరసలో ఎవరో ఫక్కున నవ్వారు. నవ్వు ముందు వరస దాకా పాకింది. సుకుమార్ కూడా నవ్వాడు. వీరరాఘవమ్మగారు నవ్వలేదు.

"ఆ లిస్టు ఉందా మూర్తీ?"

"ఉందండీ. కొట్టేసిన లిస్టండీ."

"కొట్టేసిందే ఇటియ్యి." ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పేర్లు చదివారు, ఒక్కొక్కటీ, ఒడియా పేర్లు తడుముకుంటూ. ప్రతి పేరు తరవాతా మొగలిలంక, మొగలిలంక అని కూడా చదివారు. పది పేర్లు అయ్యేసరికి నవ్వులు ఆగిపోయాయి. ఆవిడ తలెత్తి ఎండలోకి చూశారు.

"ఏవమ్మాయ్, చంటిపిల్లదానా. ఇలా నీడలోకి రా. మనదే ఊరమ్మా?"

మినతి మొదట ఇందుజ వంక చూసింది. నిన్న అడిగిన మనిషి కదా, ఏ జవాబు చెప్పాలో ఆమే చెబుతుందని చూసింది. ఇందుజ తల ఊపింది. ఊపకుండా ఉండలేకపోయింది.

"మనదేనండి" అంది మినతి.

 వీరరాఘవమ్మగారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"అమ్మాయ్ ఇందుజా, ఇప్పుడున్న అంగన్‌వాడీలో పిల్లలెంతమంది?"

"ముప్పై ఎనిమిదండీ."

"ఒక్క టీచరు ఎంతమందిని చూడగలదు?"

"నలభై దాకా అండీ."

"మరి మన పిల్లలు యాభై ఏడుగురు తేలారు కదే!"

ఇందుజ వేళ్ళ మీద కూడింది, ముప్పై ఎనిమిదీ పంతొమ్మిదీ.  ముందు రోజంతా వాళ్ళు వలసవాళ్ళేనని నిరూపించడానికి పరిగెట్టింది కానీ, ఊరి లెక్కలో కలిపితే ఏమవుతుందో ఒక్కసారి కూడా కూడి చూడలేదు. గబగబా ఫోను తీసి గోపీనాథ్‌కి కలిపి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టింది.

"గోపీనాథ్‌గారూ, ప్రత్యేక కోటా వద్దండీ. మామూలుగానే, పిల్లలు ఎక్కువయ్యారని రెండో అంగన్‌వాడీ అడిగితేనో?"

"అడగొచ్చండీ. అది మామూలు దారేగా" అంది ఫోను. "దాంట్లో సొంత ఊరు కాలమే ఉండదండీ, ఎక్కడుంటున్నారన్నదొక్కటే. ఈ పిల్లలు మా ఊరివాళ్ళేనని పంచాయతీ తీర్మానం ఉండాలి, అంతే. సంతకాలతో పంపండి, సోమవారం పొద్దున్నే పెట్టేస్తాను."

"అంతేనా?" అని అరిచింది ఇందుజ. గ్రామసభలో అలా అరవకూడదని తరవాత గుర్తొచ్చింది.

"ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అన్నారు వీరరాఘవమ్మగారు. "సుకుమార్, నీ చెరువు పట్టుబడి మొన్న ఎవరు చేశారబ్బాయ్?"

"వాళ్ళేననుకోండి. కానీ నా మేత బస్తాలు..." అంటుండగానే ఆడవాళ్ళ వైపు నుంచి అతని భార్య భాగ్యశ్రీ లేచింది. "ఏవండీ, మనవాణ్ణి రోజూ ఎత్తుకుని ఊరి ఆ చివరికి మోసుకెళ్ళేది నేనా మీరా? ఆ గది మన ఇంటికి నాలుగిళ్ళ అవతల. అందులో అంగన్‌వాడీ వస్తుంటే బస్తాలంటారేంటి? వసారాలో వేసుకోండి" అంది. ఈసారి షామియానా మొత్తం గొల్లుమంది. సుకుమార్ చెవులదాకా ఎర్రబడి, జేబులోంచి పెన్ను తీసి, అందరి కన్నా ముందు సంతకం పెట్టాడు.

తీర్మానం ఇందుజే రాసింది. 'వలస' అని మొదలుపెట్టి, ఆ మాట కొట్టేసి, 'మొగలిలంక గ్రామ పిల్లలు' అని రాసింది. తొందరలో అక్షరాలు వంకర పోయాయి. మూర్తిగారి అక్షరాలైతే బాగుండేవి.

*

మంజూరు రావడానికి కొన్నాళ్ళు పడుతుంది. అందాకా ఆయా ఒకపూట పడమటి గదిలో కూర్చోవాలని వీరరాఘవమ్మగారు ఏర్పాటు చేశారు. సోమవారం ఉదయం ఇందుజ వెళ్ళేసరికి సుకుమార్ ఆఖరి బస్తా భుజాన వేసుకుని బయటికి వస్తున్నాడు. గదంతా తవుడు వాసన. భాగ్యశ్రీ నీళ్ళు కొడుతోంది, ఇద్దరు ఒడియా ఆడవాళ్ళు చీపుళ్ళతో నీళ్ళు తోస్తున్నారు. గుమ్మంలో బల్ల వేసుకుని నరసింహమూర్తిగారు కొత్త రిజిస్టరుకి స్కేలు పెట్టి గీతలు గీస్తున్నారు. పేరు, తల్లి, తండ్రి, వయసు. సొంత ఊరు అన్న గడి మాత్రం గియ్యలేదు.

షెడ్డు దగ్గర మినతి స్తంభానికున్న ముడి విప్పుతోంది. నెలల తరబడి ఐసు నీళ్ళలో నాని ఆ ముడి రాయిలా బిగుసుకుంది. ఇందుజ గోళ్ళతో ప్రయత్నించింది, కాలేదు. మినతి వంగి పళ్ళతో లాగింది. వదులైంది. ఆ చీర ముక్కని పిండి, మడిచి, ట్రేలు కట్టుకోవడానికి పనికొస్తుందని ఐసు పెట్టె మీద ఆరేసింది.

ఝిలి నాలుగడుగులు వేసి అలవాటు కొద్దీ ఆగింది. వెనక్కి చూసింది. ఎవరూ లాగలేదు. ఇందుజ చిటికెన వేలు అందించింది. పిల్ల ఆ వేలు పట్టుకుని ఐదో అడుగు గట్టు వైపు కాకుండా వీధి వైపు వేసింది, ఆ తరవాత లెక్కపెట్టలేనన్ని వేసింది.  గది గుమ్మం దాకా ముగ్గురూ నడిచారు.

పిల్లని లోపల వదిలాక మినతి కొంగుతో చేతులు తుడుచుకుని, గుమ్మం పక్కనున్న కుర్చీ ఇందుజ ముందుకి జరిపింది. రెండు రోజుల్లో మూర్తిగారు ఆ మాటకున్న రెండో అర్థం కూడా ఆమెకి చెప్పినట్టున్నారు.

"కూర్చోండి మేడం" అంది. "ఇన్నాళ్ళయింది, అడగనే లేదు. మనదే ఊరండి?"

ఇందుజ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. అచ్చం గోదావరి గొంతు, చివర్న ఆ సాగతీతతో సహా.

"గూడెం అండీ" అంది.

"అమ్మో, అంత దూరం నుంచా! రోజూ వచ్చి వెళ్తున్నారా, పాపం" అంది మినతి. "ఉండండి, టీ తాగి వెళ్దురు గాని."